ముక్కూ మొహం తెలియని మనవాళ్ళు



మీరు బండి మీద వెళ్తున్నారనుకోండి. పొద్దున్నే, ఆఫీసు వేళ. వెనక నుంచి ఒకాయన వేగం పెంచి మీ పక్కకి వచ్చాడు. "స్టాండ్... స్టాండ్!" అని అరిచాడు. మీరు కిందికి చూసుకున్నారు. సైడ్ స్టాండు తీయలేదు. కాలితో వెనక్కి తన్నారు. తలెత్తేసరికి ఆయన లేడు. సిగ్నల్ దగ్గర గుంపులో కలిసిపోయాడు. హెల్మెట్ లోపల మొహం ఎలా ఉంటుందో కూడా మీరు చూడలేదు.

స్టాండు వేసి ఉన్న బండి ఎడమ వైపుకి తిరిగితే ఏమవుతుందో బండి నడిపేవాళ్ళందరికీ తెలుసు. స్టాండు రోడ్డుకి తగులుతుంది. బండి ఎగిరి పడుతుంది. వెనకాల లారీ ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అంటే ఆ హెల్మెట్ మనిషి మీ ప్రాణం కాపాడి ఉండొచ్చు. ముందున్న మలుపు కుడి వైపుదైతే అసలేమీ జరిగేది కాదేమో కూడా. అది ఎప్పటికీ తేలదు. తేలదు కాబట్టే ఆఫీసు చేరేలోపు ఆయన్ని మర్చిపోతాం. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం, దారికి అడ్డం వచ్చిన ఆటోవాడి గురించి ఇంట్లోవాళ్ళకి వర్ణించి వర్ణించి చెబుతాం.

ఈ కాసేపూ ఆటో సంగతి పక్కన పెడదాం. ఆ హెల్మెట్ మనిషి గురించి మాట్లాడుకుందాం.

ఇలాంటివాళ్ళు మన రోడ్ల నిండా ఉన్నారు. చక్రంలో చీరకొంగు చిక్కుకోబోతుంటే "అమ్మా, కొంగు!" అని కేకేసేవాళ్ళు. "చెల్లీ, చున్నీ చున్నీ!" అనేవాళ్ళు. వీపున ఉన్న బ్యాగు జిప్పు తెరుచుకుని ఉంటే వేలితో చూపించేవాళ్ళు. పెట్రోలు అయిపోయి బండి తోసుకుంటూ పోతుంటే, పక్కకొచ్చి, "ఎక్కి కూర్చో అన్నా" అని, తన కాలు మీ బండి ఫుట్‌రెస్టుకి ఆనించి, బంకు దాకా నెట్టుకుంటూ తీసుకెళ్ళే కుర్రాళ్ళు. అది ప్రమాదం అంటారు ట్రాఫిక్ పోలీసులు. నిజమే, ప్రమాదమే. మిమ్మల్ని చెయ్యమని చెప్పను. కానీ ఆ కుర్రాడు బంకు దగ్గర మిమ్మల్ని వదిలేసి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోతాడు చూశారూ, అది మాత్రం నాకు భలే ఇష్టం.

ఇంకోటి ఉండేది. పట్టపగలు మీ బండికి లైటు వెలుగుతుంటే, ఎదురొచ్చేవాళ్ళు గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి సైగ చేసేవాళ్ళు. లైటు ఆర్పుకోమని. ఖర్చయ్యేది మీ బ్యాటరీ. ఆయన సొమ్మేం పోదు. అయినా హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి మరీ చెప్పేవాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్తగా వచ్చే ద్విచక్ర వాహనాలకి, ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలని నిబంధన పెట్టారు. బండి దూరం నుంచే ఎదుటివాళ్ళకి కనిపించాలని. మంచి నిబంధనే. కొత్తలో ఆ సంగతి తెలియక, పాపం, జనం సైగలు చేస్తూనే ఉండేవాళ్ళు. కొత్త బండి కొన్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఇప్పుడా సైగ దాదాపు కనబడదు. ఒక మంచి అలవాటు, జనం చెడిపోయి కాకుండా, అవసరం తీరిపోయి కనుమరుగవడం నేను చూసింది అదొక్కటే.

సరే, బండి దిగి బస్సెక్కుదాం. సిటీ బస్సు. కాలు పెట్టే సందు లేదు. కండక్టరు ఎక్కడో ముందు ఇరుక్కుపోయారు. మీరు వెనక ఉన్నారు. యాభై నోటు తీసి పక్కాయన చేతిలో పెట్టారు. "కోఠీ ఒకటండీ" అన్నారు.

ఇక చూడండి. ఆ నోటు ప్రయాణం మొదలుపెడుతుంది. పక్కాయన తన ముందాయనకి అందిస్తాడు, కోఠీ ఒకటి అని. ఆయన కళ్ళజోడు తాతగారికి. తాతగారు కాలేజీ అమ్మాయికి. ఆ అమ్మాయి చెవుల్లో పాటలు ఆగవు, తల తిప్పదు, చెయ్యి మాత్రం చాపుతుంది. అలా అలా నోటు కండక్టరుకి చేరుతుంది. కాసేపటికి అదే దారిన టికెట్టు వెనక్కి వస్తుంది. టికెట్టులో చుట్టిన చిల్లర. "కోఠీ ఎవరిదండీ?" "వెనక, ఆ నీలం చొక్కా ఆయనది." ఏ చేతుల మీదుగా నోటు పోయిందో, ఆ చేతుల మీదుగానే చిల్లర తిరిగొస్తుంది. రూపాయి తగ్గదు.

ఒక్కసారి ఆలోచించండి. మీరు డబ్బిచ్చింది ఎవరికి? పేరు తెలియని మనిషికి. రసీదు లేదు. పూచీ లేదు. బ్యాంకులో ఇదే డబ్బు వెయ్యాలన్నా, తియ్యాలన్నా ఎన్ని సంతకాలు పెట్టిస్తారు! ఇక్కడ ఉన్నది ఒక్క మాట. కోఠీ ఒకటండీ. దాని మీద నోటు వెళ్ళింది, చిల్లర వచ్చింది. మధ్యలో చెయ్యి చాపిన అయిదారుగురూ, మనం సాయం చేశాం అనుకోరు. మీరూ సాయం తీసుకున్నాం అనుకోరు. అంత మామూలైపోయింది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకి చాలా బస్సుల్లో ఉచిత ప్రయాణం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి. నోట్లు చేతులు మారడం కొంత తగ్గింది. సున్నా టికెట్టు మాత్రం అవే చేతుల మీదుగా వస్తోంది.

చిల్లర అన్నాను కాబట్టి ఇంకో ముచ్చట. కండక్టరు దగ్గర చిల్లర ఉండదు. మీకు నలభై రావాలి, ఇంకెవరికో అరవై రావాలి. వంద నోటు ఒకరి చేతిలో పెట్టి, "ఇద్దరూ పంచుకోండి" అంటారు. అప్పటిదాకా ఒకరినొకరు చూసుకోని ఇద్దరు మనుషులు కలిసి దిగుతారు. సోడా బండి దగ్గర నిలబడతారు. చిల్లర లేదంటాడు బండాయన. "పోనీ మీరే ఉంచుకోండి" అంటారు ఒకరు. "అదెలా కుదురుతుందండీ" అంటారు రెండోవాళ్ళు. చివరికి చెరో సోడా తాగి లెక్క సరిచేసుకుంటారు. మనుషుల్ని కలపడంలో మన ఆర్టీసీ కండక్టర్ల తర్వాతే ఎవరైనా!

ఇదే బస్సులో చంటిబిడ్డని చంకనేసుకుని ఒకమ్మాయి ఎక్కింది. ఓ చేతిలో సంచి. పట్టుకోవడానికి చెయ్యి లేదు. కూర్చున్నవాళ్ళలోంచి ఒకావిడ లేవలేకపోయింది, మోకాళ్ళ నొప్పులు. "బిడ్డని ఇలా ఇవ్వమ్మా" అంది. ఆ తల్లి ఇచ్చేసింది. ఆలోచించలేదు. కన్నబిడ్డని, ఎన్నడూ చూడని మనిషి ఒళ్ళో పెట్టింది. బిడ్డ ఓ నిమిషం బిక్కమొహం వేసి, ఆవిడ గాజులతో ఆటలు మొదలుపెట్టింది. తల్లి స్టాపు వచ్చింది. బిడ్డని తీసుకుంది. దిగిపోయింది.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. చుట్టాల మధ్య సాయానికి లెక్క ఉంటుంది. తప్పని అనటం లేదు. పెళ్ళిలో చదివింపుల పుస్తకం చూశారుగా. ఎవరు ఎంత చదివించారో పేరుతో, ఊరుతో సహా రాస్తారు. రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి మనం అంతకి తగ్గకుండా పెట్టాలి. ఆ రాతల మీదే రాకపోకలు నిలుస్తాయి. బస్సులో మీ బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావిడ ఏ పుస్తకంలోకీ ఎక్కదు. పేరు తెలీదు. ఊరు తెలీదు. తిరిగి పెడదామంటే మళ్ళీ కనబడదు.

కాబట్టి ఆ బాకీ తీర్చుకోవడానికి మనకి దొరికేది ఆ కాస్త సమయమే. ఆవిడ దిగిపోయేలోపు. ఆయన సిగ్నల్ దాటేలోపు. అప్పుడే ఒక మాట అనాలి. వాళ్ళు వినేలా అనాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. విన్న మాటని వెనక్కి తిప్పి చూసుకోవడానికి రేడియోలో వీలుండదు కదా, అందుకే ఇంకోసారి చెబుతున్నాను. తెలియనివాళ్ళు చేసిన మేలుకి, ఆ మనిషి కళ్ళ ముందు ఉండగానే మాట అనాలి.

మా అమ్మకి ఒక 'కర్నూలావిడ' ఉంది. ఎప్పుడో అమ్మమ్మని పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు, పక్క మంచం రోగికి తోడుగా వచ్చినావిడ. రాత్రి మా అమ్మ కూర్చునే కునుకు తీస్తుంటే, సెలైన్ సీసా అయిపోవస్తోందని ఆవిడే చూసి నర్సుని పిలిచిందట. తెల్లవారాక తన ఫ్లాస్కులో కాఫీ సగం అమ్మకి పోసిందట. కథ ఇంతే. ఇంతకుమించి ఏమీ లేదు. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరైనా కర్నూలు అంటే చాలు, అమ్మ మొహం విప్పారుతుంది. "కర్నూలువాళ్ళు చాలా మంచివాళ్ళు" అంటుంది. సగం గ్లాసు కాఫీతో ఒకావిడ ఊరు మొత్తానికి మంచిపేరు తెచ్చిపెట్టింది. ఆ సంగతి ఆవిడకి తెలీదు. మర్నాడు మంచాలు మారాయి, ఎవరి దారి వాళ్ళదైంది.

మీ ఇంట్లోనూ ఉంటారు ఇలాంటివాళ్ళు. పేర్లు ఉండవు. 'ఆ గళ్ళ లుంగీ ఆయన' ఉంటాడు. 'రైలు కదులుతుంటే నీళ్ళ సీసా కిటికీలోంచి అందించిన కుర్రాడు' ఉంటాడు. 'సామాన్లు చూస్తూ ఉండమంటే, తన బండి వచ్చినా ఎక్కకుండా నిలబడ్డ మాస్టారు' ఉంటారు. గుర్తు చేసుకోండి. ఒక్కరన్నా తడతారు.

ఆసుపత్రిలో ఇంకో సాయం జరుగుతుంది. అది చేసినవాళ్ళని చూడనే చూడం. రక్తం. బ్యాగు మీద గ్రూపు ఉంటుంది, నంబరు ఉంటుంది, ఏ తేదీలోపు వాడాలో ఉంటుంది. ఇచ్చినవాళ్ళ పేరు మాత్రం రోగికి కనబడదు. ఒకప్పుడు మన దేశంలో రక్తం అమ్ముకుని బతికినవాళ్ళు ఉండేవాళ్ళు. సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడాన్ని నిషేధించారు. ఇప్పుడా బ్యాగు వెనక ఉండేది ఏ రోగి బంధువో, లేకపోతే కాలేజీ శిబిరంలో ఊరికే వచ్చి బల్ల మీద పడుకుని చెయ్యి చాపిన కుర్రాడో. జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం అని వింటుంటారు. రక్తం ఇమ్మని అడగడంతోపాటు, ఇచ్చినవాళ్ళకి ధన్యవాదాలు చెప్పడానికి పెట్టుకున్న రోజు అది. ఎవరికి చెప్పాలో తెలియదు కాబట్టి అందరికీ కలిపి చెబుతారు.

ఇక ఎండాకాలం. శ్రీరామనవమి నాటికి మన ఊళ్ళలో చలివేంద్రాలు లేస్తాయి. నాలుగు కర్రలు, పైన తాటాకు. ఇసుక మీద కుండలు, వాటికి తడిగుడ్డ. ఈమధ్య కుండల కన్నా ఫ్లెక్సీ పెద్దదిగా ఉంటోంది. పోనీయండి, నీళ్ళు చల్లగా ఉంటే చాలు. అయితే ఆ కుండలు పొద్దున్నే కడిగి నింపేది ఫ్లెక్సీ మీద నవ్వుతున్న పెద్దమనిషి కాదు కదా. ఆ పక్కన నీడలో ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు, లోటాతో. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం ఆ లోటా అందుకున్నవాడికే దాని విలువ తెలుస్తుంది. నీళ్ళు తాగుతాం. గ్లాసు బోర్లిస్తాం. ఆ ముసలాయన వైపు చూస్తామా? చాలామందిమి ఫ్లెక్సీ వైపు చూస్తాం.

బాటసారికి పెట్టడం అనేసరికి గోదావరి లంకల్లో ఒక పేరు చెప్పుకోకుండా ముందుకి పోలేం. డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టారు, 1909లో కాలం చేశారు. లంకల గన్నవరం. ఇప్పటి కోనసీమ జిల్లా. అప్పుడు రోడ్లు లేవు, వంతెనలు లేవు. గోదావరి పాయలు పడవల మీద దాటాలి, మిగతాది నడవాలి. గన్నవరం రేవు దాటేసరికి పొద్దు తిరిగిపోయేది. ఆకలి నకనకలాడేది. సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరికేది. అర్ధరాత్రి తలుపు తట్టినా దొరికేది. మీది ఏ కులం అని అడిగేవారు కాదని చెబుతారు.

ఆవిడ గురించి అక్కడివాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. మీలో చాలామంది వినే ఉంటారు. అయినా మళ్ళీ వినదగ్గ కథ. ఎప్పుడూ ఇల్లు కదలని మనిషి, ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు పల్లకీ దించి అలుపు తీర్చుకుంటున్నారు. అటుగా ఒక కుటుంబం నడిచి వస్తోంది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు. ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మగారు అన్నం పెడతారని. ఆ మాట పల్లకీలో ఆవిడ చెవిన పడింది. దర్శనం సంగతి దేవుడికే వదిలేసి పల్లకీ వెనక్కి తిప్పించారట. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేశారట.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకం నాటికి ఆవిడ పేరు ఇంగ్లండు దాకా పాకిందని చెబుతారు. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద ఉన్న అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టింది.

ఇంత పేరు ఎలా వచ్చింది? ఆవిడ చాటింపు వేయించుకున్నారా? లేదే. తిన్నవాళ్ళు చెప్పారు. పడవలో చెప్పారు. రేవులో చెప్పారు. ఇంటికెళ్ళి చెప్పారు. కథలో ఏడుస్తున్న ఆ పిల్లలకి తల్లిదండ్రులు ధైర్యం చెప్పగలిగారంటే, అంతకుముందు ఎవరో అక్కడ తిని, బయటికొచ్చి చెప్పబట్టే. సీతమ్మగారి గొప్పతనం అందరం చెప్పుకుంటాం. తిని మర్చిపోకుండా చెప్పిన ఆ బాటసారుల్ని కూడా కాస్త మెచ్చుకోవాలంటాను నేను.

అన్నట్టు, సాయం చెయ్యడానికి మనం ఎప్పుడు ఆగుతాం, ఎప్పుడు ఆగం? దీని మీద అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. మతబోధకులు కాబోయే విద్యార్థుల్ని పిలిచి, పక్క భవనానికి వెళ్ళి ప్రసంగించమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం ఏమిటో తెలుసా? బైబిలులో మంచి సమరయుడి కథ. దెబ్బలు తిని దారి పక్కన పడి ఉన్న బాటసారిని ఆదుకున్నవాడి కథ. దారిలో ఒక మనిషిని గుమ్మంలో కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉండమని ముందే ఏర్పాటు చేశారు. కొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్ళు" అన్నారు. కొందరితో "ఇంకా టైముంది, మెల్లగా వెళ్ళు" అన్నారు. ఆలస్యమైందని పరిగెత్తినవాళ్ళలో పదిమందికి ఒక్కరు ఆగారు. తీరిగ్గా నడిచినవాళ్ళలో పదిమందికి ఆరుగురు ఆగారు. మంచి సమరయుడి మీద మాట్లాడబోతూ, ఆ పడి ఉన్న మనిషిని దాటుకుని పోయినవాళ్ళూ ఉన్నారు!

నవ్వొస్తోంది కదూ. కానీ ఆ తొందర మనదే. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి మనం అందరం ఆ విద్యార్థులమే. కాబట్టి మీ కోసం ఎవరైనా ఆగారంటే, వాళ్ళకి పని లేక కాదు. వాళ్ళూ ఆలస్యమైనవాళ్ళే. అయినా ఆగారు.

తొందర ఒకటైతే, భయం ఇంకోటి. రోడ్డు ప్రమాదం జరిగితే దగ్గరికి వెళ్ళడానికి జంకుతాం. పోలీసులు, కోర్టులు, సాక్ష్యాలు. ఇది శ్రద్ధగా వినండి. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ, సాయం చేసినవాళ్ళకి రక్షణ ఇచ్చాయి. గాయపడ్డవాళ్ళని ఆసుపత్రిలో చేర్చి మీరు వెళ్ళిపోవచ్చు. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయకూడదు. ఆసుపత్రి మిమ్మల్ని డబ్బు కట్టమనకూడదు. మరోసారి చెబుతున్నాను. చేర్చి వెళ్ళిపోవచ్చు. పేరు చెప్పడం మీ ఇష్టం.

"బాగానే చెబుతున్నారు, లోకం అంత అమాయకంగా ఉందా?" అని మీరు అడగొచ్చు. లేదు. ఏటీఎం దగ్గర సాయం చేస్తానని కార్డు మార్చేసేవాళ్ళు ఉన్నారు. రైల్లో బిస్కెట్టు ఇచ్చి మత్తు పెట్టేవాళ్ళు ఉన్నారు. జాగ్రత్తగానే ఉండాలి. పిన్ నంబరు సొంత బావమరిదికి కూడా చెప్పొద్దు. కానీ దీనికి రెండో వైపు కూడా చూడాలి. ఇన్ని మోసాల మధ్య ఈ రోజుల్లో ముందుకొచ్చి సాయం చేస్తానన్న మనిషి, మనం అనుమానంగా చూస్తామని తెలిసే వస్తున్నాడు. 2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఊరికి కొత్తగా కనబడ్డ అమాయకుల మీద జనం పడ్డారు. ప్రాణాలు పోయాయి. అలాంటివి చూశాక కూడా, జాతరలో తప్పిపోయి ఏడుస్తున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని పోలీసు డేరా దాకా నడిపించేవాళ్ళు ఉన్నారంటే, వాళ్ళది చిన్న సాయం అనడానికి నాకు నోరు రాదు.

చిన్న సాయం, పెద్ద సాయం. ఎవరు కొలవాలి దాన్ని? షికాగోలో ఒక పార్కులో చలికాలం మంచు మీద జారే ఆట ఆడేవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. అక్కడికి వచ్చిన కొందరిని, వేడి చాక్లెట్ పానీయం కప్పు మీరే ఉంచుకుంటారా, ఇక్కడ మీకు తెలియనివాళ్ళకి ఎవరికైనా ఇచ్చేస్తారా అని అడిగారు. ఇచ్చేస్తామన్నవాళ్ళని ఇంకోటి అడిగారు. అవతలివాళ్ళకి ఇది ఎంత పెద్ద సంగతిగా అనిపించి ఉంటుందనుకుంటున్నారు అని. అవతలివాళ్ళనీ విడిగా అడిగారు. ఇచ్చినవాళ్ళు అనుకున్నదాని కంటే పుచ్చుకున్నవాళ్ళకి అది చాలా పెద్దదిగా తోచింది. ఆ పరిశోధన చేసిన అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ 2022లో దాన్ని ప్రచురించారు. ఇచ్చేవాళ్ళు కప్పులో ఏముందో చూస్తారు, పుచ్చుకున్నవాళ్ళు మనసు చూస్తారు, అందుకే ఆ తేడా అని వాళ్ళ వివరణ.

అంటే ఏమిటి? కర్నూలావిడ సగం కాఫీయే అనుకుంది. మా అమ్మకి అది కర్నూలు మొత్తం అయింది. ఇచ్చినవాళ్ళకి తమ సాయం విలువ తెలియదు. తెలిసింది పుచ్చుకున్న మనకే. మనం నోరు విప్పకపోతే వాళ్ళకి ఇంకెవరూ చెప్పరు.

ఎలా చెప్పాలి అంటారా? మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. చెయ్యి పట్టి రోడ్డు దాటించిన కుర్రాడిని, అవతలి గట్టున నిలబెట్టి, "చల్లగా ఉండు నాయనా" అంటారు. ఊరుకోరు. "ఏ ఊరు బాబూ మనది? ఏం చదువుతున్నావు?" అని అడుగుతారు. కుర్రాడికి క్లాసుకి టైమైపోతుంటుంది, అది వేరే సంగతి. కానీ అలా అడిగితే వాడు గుంపులో ఎవడో కాకుండా పోతాడు. ఊరున్న మనిషవుతాడు. మీకు అంత పెద్దరికం రాకపోతే, కళ్ళలోకి చూసి "థాంక్సండీ" అన్నా చాలు. సెల్‌ఫోన్‌లోకి చూస్తూ మాత్రం అనకండి. ఫోన్ తీసి వీడియో కూడా వద్దు. సాయం చేసిన మనిషిని కెమెరా ముందు నిలబెడితే, మళ్ళీ సాయం చెయ్యడానికి సిగ్గుపడతాడు.

"వాళ్ళ డ్యూటీ వాళ్ళు చేశారు, అందులో మెచ్చుకునేదేముంది" అనేవాళ్ళు ఉంటారు. నాకు ఆ మాట నచ్చదు. స్టాపు దాటాక, గంప నెత్తిన పెట్టుకుని పరిగెత్తుకొస్తున్న ముసలమ్మని అద్దంలో చూసి బస్సు ఆపాలని ఏ డ్యూటీ చార్టులోనూ రాసి ఉండదు. ఆపితే ఆలస్యం. లోపల ప్రయాణికులు గొణుగుతారు. అయినా డ్రైవరు ఆపుతారు, కండక్టరు దిగి గంప అందుకుంటారు.

చాలా ఆర్టీసీ బస్సుల్లో డిపో మేనేజరు ఫోన్ నంబరు రాసి ఉంటుంది. బస్సు ఆపలేదని, చిల్లర ఇవ్వలేదని ఫిర్యాదు చెయ్యడానికే మనం దాన్ని చూస్తాం. ఈసారి బస్సెక్కినప్పుడు మీ కళ్ళ ముందు అలాంటి మంచి పని ఏదైనా జరిగితే, బస్సు నంబరు, ఏ వేళకి జరిగిందో రాసుకోండి. ముందు ఆ డ్రైవరుకీ, ఆ కండక్టరుకీ దిగేటప్పుడు ఒక మాట అనండి. తర్వాత డిపోకి ఫోన్ చేసి, మీ బస్సులో ఇవాళ ఇలా జరిగింది, ఫిర్యాదు కాదండీ, మంచి మాటే అని చెప్పండి. అవతలివాళ్ళు ఒక క్షణం తెల్లబోతారు. ఫర్వాలేదు, చెప్పండి.